రెండో రిమోట్

మాలికో లోయ దగ్గర సముద్రంలోకి దిగేవాళ్ళెవరూ ఎక్కడికి వెళ్తున్నారో పైకి చెప్పరు. "అలా తిరిగొస్తాం" అంటారు, అంతే. సముద్రానికి చెవులున్నాయని అక్కడివాళ్ళ నమ్మకం. చేపలకని చెబితే చేపలు జారుకుంటాయి. ఫలానా మనిషిని చూడబోతున్నామంటే ఆ మనిషికి కబురు ముందే చేరిపోతుంది. బోర్డు కింద రెక్కలూ మోటారూ బిగించుకుని నీళ్ళకి మూరెడు ఎత్తున ఎగిరిపోయే ఈ కాలంవాళ్ళు కూడా ఆ ఒక్క విషయంలో మాత్రం నోరు కట్టేసుకుంటారు. పైకి నవ్వుతారు గానీ ఒక్కడూ చెప్పడు.

ఆ మధ్యాహ్నం ఉలువెహి నోరు జారింది.

వ్యాన్ మీంచి బోర్డు దించుతున్న సెయిజి అంకుల్ మామూలుగానే అడిగాడు. "గాలి బాగానే ఉందమ్మాయ్. ఒక్కదానివే దిగుతావా? నీ వెనక ఇంకెవరైనా వస్తున్నారా?"

"ఎవరూ లేరంకుల్. తమ్ముడి దగ్గరికి వెళ్ళొస్తా."

అనేశాక గానీ తను ఏమందో ఆమెకి తెలియలేదు. సెయిజి చేతిలోని బోర్డు కట్టే స్ట్రాపు జారి కింద పడింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళుగా, గాలి వీచే ప్రతి రోజూ, బోర్డులవాళ్ళని ఈ లోయ దగ్గర దింపి, పది మైళ్ళ అవతల కనహా ఒడ్డున ఎక్కించుకుంటున్నాడు. ఎంతమందిని దింపితే, తిరిగొచ్చే బోర్డులు వ్యాన్ మీద కట్టడానికి అన్ని స్ట్రాపులు విప్పి ఉంచుతాడు. సరిగ్గా ఏడాది కిందట ఒక్కసారే ఒక స్ట్రాపు మిగిలింది.

"నీకు బుద్ధుందా? ఎక్కడ నిలబడి ఏం మాట్లాడుతున్నావ్?" అన్నాడు గొంతు తగ్గించి. "మాట వెనక్కి తీసుకో. అలా తిరిగొస్తానని చెప్పు."

"సరే, అలా తిరిగొస్తా."

"నాకు కాదే, అటు తిరిగి చెప్పు."

ఆమె సముద్రం వైపు తిరిగి చెప్పింది. అలలు ఒడ్డు రాళ్ళని కొట్టుకుంటూనే ఉన్నాయి. విన్నదో లేదో ఎవరికి తెలుసు?

"సాయంత్రం ఐదింటికి ఏడాది పూలు వదలాలి. మీ అమ్మ రెండింటికే కనహా వచ్చి కూర్చుంది. ఆలస్యం చేశావంటే నా ప్రాణం తీస్తుంది," అన్నాడు సెయిజి, ఆమె బోర్డు కింది మోటారుని రెండుసార్లు లాగి చూస్తూ. ఏడాదిగా ఆయన అందరి మోటార్లూ అలాగే లాగి చూస్తున్నాడు.

ఉలువెహి లైఫ్ జాకెట్ జిప్పు పైదాకా లాక్కుంది. ఎడమ చేతికి తన మోటారు రిమోట్ ఉంది. కుడి జేబులో ఇంకొకటి ఉంది. అది తమ్ముడు లోపాకాది. దాన్ని నడి సముద్రంలో వదిలేసి రావడానికే ఆమె ఇవాళ దిగుతోంది. ఆ రిమోట్ ఉందని ఎవరికీ తెలియదు. ఇక తెలియకూడదు కూడా.

ఆ రోజు జరిగింది పెద్ద విషయమేమీ కాదు, అదే ఆమె బాధ. లోపాకాకి మోటారంటే చులకన. "నేను తెడ్డేసి లేస్తా, నువ్వు స్విచ్చేసి లేస్తావు. మోటారు మహారాణివి!" అని ఏడిపించేవాడు. రెక్కల బోర్డు నీళ్ళలో ఉన్నంతసేపూ మొద్దు. వేగం అందుకుంటే కింది రెక్కలు దాన్ని పైకి లేపుతాయి. ఆ లేవడం దగ్గరే మనిషి ఊపిరంతా అయిపోతుంది. ఒకసారి లేచాక మోటారు ఆపేసి, ఒక అల మీంచి ఇంకో అల మీదికి జారుతూ పోవచ్చు. అమ్మ పట్టుబడితేనే వాడు మోటారు పెట్టించుకున్నాడు. "నీ మగతనం ఒడ్డున చూపించు. నడిమధ్య పడిపోయినప్పుడు లేవడానికి అది ఉండాలి," అంది అమ్మ. ఆ రోజు వాడు మోటారు మర బిగిస్తూ, "అక్కా, ఇది పట్టుకో," అని రిమోట్ అందించాడు. ఆమె జేబులో వేసుకుంది. అంతలో అలలు నెమ్మదించాయి. "ఇప్పుడే, ఇప్పుడే!" అని సెయిజి అరిచాడు. అలల మధ్య ఆ సందు దొరికితే దూకాలి, లేకపోతే రాళ్ళ మీదికి విసిరేస్తాయి. ఆమె దూకింది. వెనకే వాడూ దూకాడు, తెడ్డు పట్టుకుని.

దారిలో మూడు గుర్తులున్నాయి: హోఓకిపా కొండ, పాత చక్కెర మిల్లు గొట్టం, విమానాలు దిగే చోటు. గుర్తు వచ్చినప్పుడల్లా ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చెయ్యెత్తాలి. వెనకవాళ్ళు చెయ్యెత్తేదాకా ఆగాలి. చిన్నప్పటినుంచీ ఇద్దరికీ అదే అలవాటు. ఆ రోజు అలలు ఎంత బాగా దొరికాయంటే, ఆమె ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. కనహాలో దిగి, కారు తాళం కోసం జేబులో చెయ్యి పెట్టినప్పుడు వేళ్ళకి రెండో రిమోట్ తగిలింది.

వాడు ఒడ్డుకి రాకపోయేసరికి, వెతకడానికి వచ్చినవాళ్ళు అడిగారు. "అతని దగ్గర మోటారుందా?"

"ఉంది."

"పని చేస్తోందా? రిమోట్?"

"చేతికే కట్టుకున్నాడు," అంది ఉలువెహి.

ఎందుకలా అందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. మోటారున్న మనిషి ఎంత దూరం రాగలడో వాళ్ళు లెక్కగట్టి, రెండు రోజులు ముందువైపే, కనహా అవతలి రేవు దగ్గరే వెతికారు. మూడో రోజు లోయ వైపు వెళ్ళారు. మనిషీ దొరకలేదు, బోర్డూ దొరకలేదు. ఐదో రోజు ఆమె తీగ మీద ఆరుతున్న జాకెట్ జేబులోంచి రిమోట్ తీసి, పాత బూట్ల పెట్టెలో అడుగున పెట్టింది. ఏడాది పాటు దాన్ని ముట్టుకోలేదు. ఛార్జి లేక అది ఎప్పుడో చచ్చిపోయింది.

"ఇప్పుడే!" అని సెయిజి ఇవాళ కూడా అరిచాడు. ఆమె దూకింది.

బొటనవేలితో మీట నొక్కగానే మోటారు బోర్డుని తోసింది. టపటపమని అలలు కొట్టుకునే చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. అంటే లేచినట్టు. మీట వదిలేసింది. గాలి వెనకనుంచి తోస్తోంది. కాళ్ళ కింద నీళ్ళు పరిగెడుతున్నా చప్పుడు లేదు. ఉలువెహికి ఆ నిశ్శబ్దమంటే ప్రాణం ఒకప్పుడు. ఇవాళ అది నచ్చలేదు. ఎవరో వింటున్నప్పుడు గది ఊరుకున్నట్టుంది.

హోఓకిపా కొండ ఎదురుగా వచ్చేసరికి ఆమె కుడి జేబులో చెయ్యి పెట్టింది. ఇక్కడ లోతు ఎక్కువ. విసిరేస్తే సరిపోతుంది.

రిమోట్ చేతిలో వణికింది. పొట్టిగా మూడుసార్లు. తన మోటారు దగ్గర్లో ఉన్నప్పుడే ఏ రిమోటైనా అలా వణుకుతుంది. ఒకదానికి ఒకటే జత, వేరేదానికి పలకదు. పది బారలు దాటితే తన మోటారుకి కూడా పలకదు.

ఆమె బయటికి తీసి చూసింది. తెర వెలుగుతోంది. ఛార్జి డెబ్బై ఒకటి అని అంకె ఉంది.

ఎండ మాడ్చేస్తోంది. ఎడమవైపు ఒడ్డున మనుషులు కనిపిస్తున్నారు, ఎవరో ఎర్ర గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఇంత పట్టపగలు, ఇంతమంది కనిపించే చోట ఆమె ఒంటి మీది వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. వేలు దానంతటదే మీట మీదికి వెళ్ళింది. నొక్కింది.

వెనక మోటారు మూలిగింది. తనది కాదు, తనది ఆగి ఉంది. ఆ మూలుగు పైకి లేచి, కాసేపటికి పాటలోకి మారింది. పొయ్యి మీద కెటిల్ మరగబోయే ముందు సన్నగా ఏడ్చినట్టుండే పాట. లోపాకా వెనక రెక్కకి పగడపు రాయి తగిలి చిన్న నొక్కు పడింది. అప్పటినుంచి వేగం అందుకుంటే అది పాడేది. గరుకు కాగితంతో రుద్ది సరిచెయ్యమని సెయిజి వందసార్లు చెప్పాడు. "అది పాడుకుంటోంది అంకుల్, దాని నోరు మనమెందుకు ముయ్యాలి?" అనేవాడు వాడు. ఈ తీరం మొత్తంలో అలా పాడే రెక్క ఇంకోటి లేదు.

ఉలువెహి మీట వదిలేసింది. పాట తగ్గింది, తగ్గి ఆగింది. వెనక ధబ్‌మని బోర్డు నీళ్ళలో పడ్డ చప్పుడు.

ఆమె వెనక్కి చూడలేదు. తిట్టుకోండి, పిరికిదనండి, చూడలేదు. మంచి అల ఒకటి కాళ్ళ కిందికి వస్తే దాన్ని పట్టుకుని ముందుకి ఉరికింది. వెంటనే కుడిచేతిలో రిమోట్ గుర్రుమని పొడుగ్గా వణకడం మొదలుపెట్టింది. దూరం పెరుగుతోందని హెచ్చరిక. ఇంకో రెండు అలలు పట్టుకుంటే చాలు, అది పలకడం మానేస్తుంది. తెర ఆరిపోతుంది. విసిరేసి ఇంటికి పోవచ్చు. పూలు వదలొచ్చు. అమ్మ పక్కన నిలబడి ఏడవొచ్చు.

చక్కెర మిల్లు గొట్టం కనిపించింది. రెండో గుర్తు.

ఆమె అల మీంచి కావాలనే పక్కకి తప్పుకుంది. వేగం చచ్చి బోర్డు కిందికి దిగింది. దాని మీద కూర్చుని, కుడి మీట నొక్కి పట్టుకుంది. వెనక దూరంగా మూలుగు మొదలైంది, లేచింది, పాడింది, దగ్గరికి వచ్చింది. వణుకు ఆగింది. అప్పుడు ఆమె తల తిప్పి చెయ్యెత్తింది.

రెండు అలల మధ్య పల్లంలోంచి ఒక చెయ్యి పైకి లేచి ఉంది. మధ్య మూడు వేళ్ళు మడిచి, బొటనవేలూ చిటికెన వేలూ చాచి. లోపాకా ఎప్పుడూ ఎత్తినట్టే, మోచెయ్యి కొంచెం వంచి, బద్ధకంగా. చెయ్యి కింద ఏముందో అల అడ్డొచ్చి కనిపించలేదు. అల తప్పుకునేలోగా ఆమె మొహం తిప్పేసుకుంది.

పాట ఆగింది. వెనక, ఐదారు బారల్లో, బోర్డు నీళ్ళలో మెల్లగా ఊగుతున్న చప్పుడు. గాలి అటునుంచే వీస్తోంది. ఆ గాలిలో ఉప్పువేసి ఎండబెట్టిన పుల్లటి రేగు వాసన వచ్చింది. వాడి బుగ్గలో ఎప్పుడూ ఒకటి ఉండేది. పళ్ళు పుచ్చిపోతాయని అమ్మ తిట్టేది.

"ఒరేయ్," అంది ఉలువెహి, ముందుకే చూస్తూ. "ఒరేయ్, నీ రిమోట్ నా దగ్గరే ఉండిపోయింది. మర్చిపోయానురా. అరిచావా? నాకు వినపడలేదు. వినపడినా ఆగేదాన్నో లేదో, అంత బాగున్నాయి ఆ రోజు అలలు. తర్వాత వాళ్ళడిగితే నీ చేతికే ఉందన్నాను. అందుకే వాళ్ళు నీ వైపు రాలేదు. రెండు రోజులు రాలేదు."

రిమోట్ తెర మీద అంకె నలభై ఆరు నుంచి నలభై ఐదుకి దిగింది.

"ఎంతసేపు ఉన్నావురా అక్కడ?" అని అడిగింది. ఏడాదిగా రోజూ తనని తాను అడుగుతున్న ప్రశ్న అదే.

వెనక ఎవరో తెడ్డుతో బోర్డుని టకటకమని రెండుసార్లు కొట్టారు. అది వాడి అలవాటే. కబుర్లు చాలు, పద అని అర్థం.

ఉలువెహికి భయం పోలేదు. భయంతోనే నవ్వొచ్చింది, నవ్వుతోనే ఏడుపొచ్చింది. ఎడమ మీట నొక్కి లేచింది. కుడి మీట నొక్కి వాడిని లేపింది. లేచాక తన మోటారు ఆపేసుకుంది గానీ కుడి మీట మాత్రం వదల్లేదు. తనకి అలలు చాలు. వాడి సంగతి ఆమెకి తెలియదు, వదిలి చూసే ధైర్యమూ లేదు. పెద్ద అలలన్నీ వదులుకుని, చిన్న చిన్నవాటి మీద, వెనక పాటకి తగ్గ వేగంతో వచ్చింది. ఆ రోజు ఆగని చోటల్లా ఆగుతూ వచ్చింది.

కష్టమంతా అంకెతోనే. ముప్పై. ఇరవై రెండు. విమానాల చోటు వచ్చేసరికి పదకొండు. తలమీంచి విమానం దిగుతుంటే పాట వినపడక ఆమె మీట ఇంకా గట్టిగా నొక్కింది. విమానం పోయాక మళ్ళీ వినపడింది, ఇంకా దగ్గరగా, దాదాపు భుజం దగ్గర. మూడో గుర్తుకి ఆమె తల తిప్పకుండానే చెయ్యెత్తింది. ఎత్తిన చేతి మీద వెనకనుంచి నీళ్ళు చిందాయి. ఆ నీళ్ళు మామూలు సముద్రం కన్నా చాలా చల్లగా ఉన్నాయి.

బొటనవేలు తిమ్మిరెక్కి, ఆ తర్వాత నొప్పెట్టి, చివరికి అది తన వేలో కాదో తెలియకుండా పోయింది. తొమ్మిది. ఆరు. కనహా ఒడ్డున సెయిజి నీలం వ్యాన్, దాని పక్కన మడత కుర్చీలో అమ్మ, కనిపించారు. "రారా, ఇంకొంచెం, ఇంకొంచెం," అని ఉలువెహి పైకే అంటోంది. నాలుగు.

రెక్కకి ఇసుక తగిలే లోతులో ఆమె దూకి, బోర్డుని భుజంతో తోసుకుంటూ ఒడ్డెక్కింది. మీట నొక్కే ఉంది. అక్కడా రెక్కకి ఇసుక తగిలిందేమో, వెనక పాట ఆగింది.

సెయిజి తువ్వాలు పట్టుకుని ఎదురొచ్చాడు. ఆయన చూపు మందగించి నాలుగేళ్ళయింది గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. "ఎప్పుడనగా చెప్పాను ఆ రెక్క రుద్దమని, మైలు దూరంనుంచి వినపడుతోంది," అని విసుక్కుంటూ ఆమె భుజం మీదుగా చూశాడు. "ఏడీ వాడు?"

అన్నాక ఆయన ముఖంలో రంగు పోయింది. తువ్వాలు అక్కడే ఇసుకలో పడేసి నిలబడిపోయాడు.

అమ్మ కుర్చీలోంచి లేచింది. అమ్మ కపువా పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఒళ్ళో పువాకెనికెని పూల దండ సగం గుచ్చి ఉంది, లేవగానే సూదీ దారం వేలాడాయి. పొద్దున తెల్లగా ఉన్న పూలు అప్పటికే పసుపు తిరిగాయి.

ఉలువెహి కుడిచెయ్యి చాపింది. తెర మీద ఒకటి అని ఉంది.

"అమ్మా, ఇది లోపాకాది," అంది. "ఆ రోజు నా జేబులోనే ఉంది. వాళ్ళకి అబద్ధం చెప్పాను. నీకూ చెప్పాను. వాడి చేతిలో ఏమీ లేదమ్మా."

అమ్మ రిమోట్ వైపు చూడలేదు. కూతురి ముఖం వైపే చూసింది.

"తెలుసు," అంది. "నాలుగో రోజు నీ జాకెట్ కడిగింది ఎవరనుకున్నావ్? జేబులో దొరికింది. తుడిచి, మళ్ళీ ఆ జేబులోనే పెట్టి ఆరేశాను."

"ఏడాదినుంచి తెలుసా? ఒక్కసారైనా అడగలేదే!"

"అడిగితే నువ్వేం చేసుకుంటావోనని భయపడ్డానే. ఒకడు పోయాడు. రెండోదాన్ని కూడా పోగొట్టుకోమంటావా? కోపం లేదనుకోకు. రోజూ ఉంది. అన్నం పెట్టేటప్పుడు కూడా ఉంది. ఇవాళైనా చెబుతుందా, ఇవాళైనా చెబుతుందా అని చూస్తూ పెట్టాను."

ఉలువెహి ఇసుకలో కూలబడింది. అమ్మ మోకాళ్ళ నొప్పితోనే పక్కన కూర్చుని, రిమోట్ పట్టుకున్న ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వేలు కొయ్యలా బిగుసుకుపోయి ఉంది.

"వదులు."

"వదిలితే వాడు పడిపోతాడమ్మా."

అమ్మ తలెత్తి కూతురి భుజం మీదుగా నీళ్ళ వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఏం చూసిందో ఆ తర్వాత ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఏడాదిగా ముడుచుకునే ఉన్న ఆమె నుదురు మెల్లగా విడింది.

"అక్కడ మోకాలి లోతేనే," అంది. "ఇక నడిచొస్తాడు. వదులు."

ఉలువెహి వేలు తీసింది. తెర ఆరిపోయింది. వెనక లోతు లేని నీళ్ళలో ఎవరో బోర్డు దిగి, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్న చప్పుడు వినిపించింది. సెయిజి వ్యాన్ దగ్గరికి వెళ్ళి రెండో స్ట్రాపు విప్పాడు.